వాటాల యింటికి వీధి తలుపు

పోర్టు అనగానే విశాఖపట్టణపు శ్రోతలకు రేవు తలంపునకు వచ్చును. కంటైనరు అనగానే ఆ రేవులో ఒకదానిపై నొకటిగా పేర్చిన పెద్ద యినుపపెట్టెలు కన్నులకు కట్టును. నేటి ప్రసంగములో ఈ రెండు మాటలును అడుగడుగున వచ్చును గాని, సముద్రము మాత్రము రాదు. మేము చెప్పబోవునది కంప్యూటర్లలోని పోర్టులను గూర్చి, కంప్యూటర్లలోని కంటైనర్లను గూర్చి.

అయినను పేరు ఊరక రాలేదు. 1956 ఏప్రిల్ 26వ తేదీన ‘ఐడియల్ ఎక్స్’ అను ఓడ అమెరికాలోని న్యూఆర్క్ రేవునుండి 58 యినుపపెట్టెలతో హ్యూస్టనుకు బయలుదేరినది. బస్తాలను, మూటలను, పీపాలను కూలీలు వేర్వేరుగా మోసి ఓడకెక్కించుటకు బదులు, సరకునంతటిని పెట్టెలో నుంచి పెట్టెనే యెత్తి దింపు వ్యాపారపద్ధతికి ఆ ప్రయాణము నాంది యైనది. ప్రోగ్రాములు వ్రాయువారికిని ఇట్టి బాధయే యొకటి యుండెడిది. తన యంత్రముపై చక్కగా నడచిన ప్రోగ్రాము పొరుగువాని యంత్రముపై మొరాయించును. ఇచ్చటనున్న సామగ్రి అచ్చట లేకుండును. కావున ప్రోగ్రామును, దానికి కావలసిన సమస్తమును ఒక పెట్టెలో సర్ది, ఆ పెట్టెనే పంపుట మేలని తోచినది. 2013 మార్చి నెలలో కాలిఫోర్నియాలోని శాంతాక్లారాలో జరిగిన పైథాన్ భాషాభిమానుల మహాసభలో సాలమన్ హైక్స్ అనునతడు అయిదు నిమిషముల చిన్న ప్రసంగములో డాకర్ అను పనిముట్టును చూపెను. ఇట్టి గదులను కట్టుటకు కావలసిన సాధనములు లినక్స్ వ్యవస్థలో అంతకు ముందే సమకూరియుండెను. డాకర్ వానిని సామాన్యుని చేతికి అందించినది.

ఇది ఇంజనీర్ల గొడవ, సంసారుల కెందుకని కొందరు అనుకొనవచ్చును. కాని వీధి చివరి మందుల దుకాణపు ఖాతా, పిల్లల బడి ఫీజుల పట్టిక, ఇంటిలో బల్లక్రింద నుంచి కుటుంబపు ఛాయాచిత్రములు దాచుకొన్న చిన్న యంత్రము, వీనిలో కొన్నియైనను నేడు కంటైనర్లలో నడుచుచున్నవి. వానిని నిలిపినవాడు మన అబ్బాయియో, పొరుగింటి అమ్మాయియో కావచ్చును. వారు కంటైనరును మేలుకొలుపునపుడు వ్రాయు ఒక చిన్న పంక్తిని బట్టి, ఆ ఖాతా ఇంటివారికి మాత్రమే కనబడునా, లోకమునకంతటికిని కనబడునా అనునది తేలును. ఆ పంక్తి నిడివి కొద్ది అక్షరములే.

ముందుగా పోర్టు సంగతి. నెట్‌వర్కులోని ప్రతి యంత్రమునకును ఒక చిరునామా యుండును. కాని ఒకే యంత్రములో అనేక ప్రోగ్రాములు ఏకకాలమున పనిచేయుచుండును. వచ్చిన వార్త అందులో ఎవరికి? రేడియో పెట్టెకు ఏరియల్ ఒక్కటియే. గాలిలోని తరంగములన్నియు దానినే తాకును. ముల్లు నిలిచిన అంకెను బట్టి గదా మనకు విజయవాడయో హైదరాబాదో వినిపించుట! పోర్టు కూడ అట్టి అంకెయే. 0 మొదలు 65,535 వరకు ఈ అంకెలు గలవు. వెబ్ పుటలకు 80, వానినే రహస్యలిపిలో పంపుటకు 443, దూరమునుండి యంత్రమును నడపు ఎస్.ఎస్.హెచ్.కు 22, డేటాబేసులలో మైసీక్వెల్‌కు 3306, పోస్ట్‌గ్రెస్‌కు 5432. ఇవి శాసనములు కావు, మర్యాదలు. 22 అను అంకె వచ్చిన తీరు వినదగినది. 1995లో ఫిన్లండు దేశస్థుడు టాటూ ఇలోనెన్ ఎస్.ఎస్.హెచ్.ను రచించి, తనకొక అంకె కావలెనని అంకెల లెక్క చూచువారికి ఒక చిన్న జాబు వ్రాసెను. ఫైళ్ళు పంపు పాత పద్ధతికి 21, టెల్నెట్ అను పాత పద్ధతికి 23 ఉండగా నడుమ 22 ఖాళీగా కనబడినది. అడిగినంతనే ఇచ్చిరి. ఈ కాలములో అట్టి కార్యాలయ మొకటి కలదనిన నమ్ముట కష్టము.

ఇక కంటైనరు. దీనిని మేము వాటాల యింటితో పోల్చుచున్నాము. పెద్ద ప్రహరీ, ఒక వీధి గేటు, యజమాని హాలు, ప్రక్కసందు వెంబడి అద్దెకిచ్చిన వాటాలు. ఇల్లంతయు ఒక్క డోరు నంబరే. ఆ ఇల్లు హోస్టు యంత్రము, వాటాలు కంటైనర్లు. ప్రతి వాటాకును తన గోడలు, తన తలుపు, తన పోర్టుల వరుస వేరు. ఒక వాటాలో 80 ఉన్నదని రెండవ వాటాలో 80 ఉండరాదను నియమము లేదు. వంటగది ప్రతి వాటాకును ఉండును గదా. డాకర్ ఈ వాటాలకు లోపలి చిరునామాలను తానే యిచ్చును. సాధారణముగా యజమాని వైపు కొస 172.17.0.1, మొదటి వాటా 172.17.0.2, ఆపై వరుసగా పెరుగును. ఈ చిరునామాలు ప్రహరీ లోపలనే చెల్లును. ‘బావి ప్రక్క వాటా’ అని కార్డు మీద వ్రాసి ఇంకొక ఊరినుండి పంపినచో టపా బంట్రోతు ఏ వీధికి పోవును?

లోపలివారు వెలుపలికి పోవుటకు ఈ చిక్కు లేదు. కంటైనరునుండి బయలుదేరిన ప్రతి వార్తపైనను హోస్టు తన చిరునామా ముద్రవేసి పంపును. జవాబు వచ్చినపుడు గుర్తుపెట్టుకొని వాటాకు చేర్చును. చిక్కంతయు వెలుపలినుండి తమంతట తామే వచ్చువారితోనే. వారికొక దారి మనము చూపవలెను. ఆ దారి చూపుటకే పోర్టు ఫార్వర్డింగు అని పేరు.

డాకర్ రన్ అను ఆజ్ఞలో మైనస్ పి అని వ్రాసి, దాని ప్రక్కన 8080:80 అని వ్రాయుదుము. ఎడమనున్నది హోస్టు పోర్టు, కుడినున్నది కంటైనరు పోర్టు. క్రొత్తవారు ఈ రెంటిని తారుమారు చేయుట పరిపాటి. ఎడమ వీధి, కుడి గది అని గుర్తుంచుకొనిన చాలును. వీధిలో 8080 అను తలుపు తట్టిన వానిని లోపల 80 అను తలుపునకు పంపుమని దాని అర్థము. లినక్స్ కెర్నెలు వచ్చిన ప్రతి పొట్లముపైని గమ్యస్థానమును కొట్టివేసి, దానిపై 172.17.0.2, పోర్టు 80 అని తిరిగి వ్రాసి లోనికి పంపును. జవాబు వచ్చునపుడు మరల వెనుకటి చిరునామాను వ్రాయును. తట్టినవానికి నడుమ జరిగిన ఈ దిద్దుబాటు తెలియనే తెలియదు. ఇంకొక కంటైనరును గూడ వెలుపలికి చూపవలెనన్నచో దానికి 8081:80 అని వ్రాయవచ్చును. కుడి అంకె ఒకటే అయినను నష్టము లేదు. ఎడమ అంకె మాత్రము వేరు కావలెను. లేనిచో ఆ పోర్టు ఇదివరకే కేటాయింపబడినదని డాకర్ నిరాకరించును.

ఇచ్చట ఒక మాట. కంటైనరును నిర్మించు పత్రములో ‘ఎక్స్‌పోజ్ 80’ అని వ్రాయు ఆచారము కలదు. బయట పెట్టుట అను అర్థము గల ఆ మాటను చూచి, తలుపు తెరచుకొన్నదని అనేకులు భ్రమపడుదురు. తెరచుకొనలేదు. లోపలివాడు ఏ తలుపు వద్ద కూర్చుండునో తెలుపు బోర్డు మాత్రమే అది. పేరు పెట్టినవారు ఇంకొంత ఆలోచించి యుండవలసినది.

మరియొక చిక్కు మొదటి దినముననే ఎదురగును. మైనస్ పి సరిగా వ్రాసితిమి, అంకెలు సరిగానున్నవి, అయినను పుట రాదు. కారణము 127.0.0.1 అను చిరునామా. దాని అర్థము ‘నేను’ అని. ప్రతి యంత్రమునకును తన నేను వేరు. ప్రతి కంటైనరునకును తన నేను వేరు. కంటైనరులోని ప్రోగ్రాము 127.0.0.1 వద్ద మాత్రమే చెవియొగ్గి కూర్చున్నచో, తన గదిలోనివారి పిలుపు తప్ప గుమ్మమువద్ద తట్టినవారి పిలుపు దానికి వినబడదు. అందుచేత కంటైనరులోని ప్రోగ్రామును 0.0.0.0 వద్ద, అనగా తనకు గల అన్ని గుమ్మముల వద్దను, వినునట్లు అమర్చవలెను. ఇది తప్పనిసరి. ఇందులో దోషము లేదు. కాని అసలు అపాయమునకు బీజము ఇచ్చటనే యున్నది. ఎట్లో వినుడు.

2017 జనవరిలో మాంగోడీబీ అను డేటాబేసులు వేల సంఖ్యలో దోపిడికి గురియైనవి. అవి నెట్‌వర్కునకు తెరచియుండెను, సంకేతపదము లేకుండెను. దుండగులు వచ్చి, ఉన్న సమాచారమును తుడిచివేసి, సొమ్ము పంపినచో తిరిగి యిచ్చెదమని ఒక చీటీని వదలిరి. సొమ్ము పంపినవారిలోను అందరికి తిరిగి రాలేదు; పెక్కుచోట్ల దుండగులు కాపీయే తీసికొనలేదు, ఊరక తుడిచిరి. ఆ యేడాది చివర వచ్చిన 3.6 సంచికనుండి మాంగోడీబీ తనంతట తాను 127.0.0.1 వద్ద మాత్రమే వినునట్లు మార్చిరి. రెడిస్ అను మరియొక డేటాబేసును రచించినవారు 2016లోనే, 3.2 సంచికలో, సంకేతపదము పెట్టనిచో పరాయివారికి జవాబీయని ‘రక్షిత స్థితి’ని చేర్చియుండిరి. మంచి తాళములే. కాని ఇవే ప్రోగ్రాములు కంటైనర్లుగా వచ్చినపుడు ఆ తాళములు ఉండునా? ఉండవు. 127.0.0.1 వద్ద మాత్రమే వినినచో కంటైనరు నిరుపయోగమగునని ఇప్పుడే చెప్పుకొంటిమి. అందుచేత మాంగోడీబీ అధికారిక కంటైనరు అన్ని గుమ్మముల వద్దను వినును. రెడిస్ అధికారిక కంటైనరులో రక్షిత స్థితిని తీసివేసి యుంచిరి. ఆ సంగతిని దాచక దాని వివరణలో వ్రాసియే పెట్టిరి. గది తలుపునకు తాళము తీసినవారిని నిందింపలేము. వీధి గేటు వేసియుండునను ధైర్యముతో వారు తీసిరి. ఆ గేటు తాళపుచెవి మైనస్ పి వ్రాయువాని చేతిలో నున్నది. అతడా సంగతిని ఎరుగడు.

ఎరుగడని ఏల అంటిమనగా, 27017:27017 అని వ్రాసినపుడు ఏ వీధి వైపు తెరువవలెనో అతడు చెప్పలేదు. చెప్పనిచో డాకర్ అన్ని వైపులకును తెరచును. ఇంటిలోని నెట్‌వర్కు వైపు, వైఫై వైపు, హోస్టునకు ప్రపంచములో సూటియైన చిరునామా యున్నచో ఆ వైపునకును. ఇంట రౌటరు వెనుక నున్న యంత్రమునకు కొంత మరుగు కలదు. ప్రపంచపు చిరునామా రౌటరుదే గాని యంత్రమునది కాదు. అద్దెకు తెచ్చుకొన్న సర్వరునకు సాధారణముగా ఆ మరుగు ఉండదు. అది నడివీధిలోనే నిలిచియుండును.

మాకు పరిచయమున్న ఒక ముద్రణాలయము శుభలేఖలకు పేరుపడినది. దాని ఆర్డర్ల పట్టికను ఒక యువకుడు అద్దె సర్వరుపై, మాంగోడీబీ కంటైనరులో నడపుచుండెను. ఇంటినుండి గూడ పట్టికను చూచుకొనవచ్చునని 27017:27017 అని వ్రాసెను. సంకేతపదము పెట్టలేదు. అతడు అజాగ్రత్తపరుడు కాడు; యు.ఎఫ్.డబ్ల్యు. అను ఫైర్‌వాలును నిలిపి, 22, 80, 443 తప్ప ఏ పోర్టునకును ఎవరిని రానీయవలదని ఆజ్ఞాపించి యుండెను. కావలివాడు ఉండగా భయమేల అని అతని నమ్మకము. 2023లో పెండ్లి ముహూర్తముల కాలమున ఒక ఉదయము చూచునప్పటికి పట్టిక శూన్యము, దాని స్థానమున చీటీ. యజమాని పాతకాలపు మనిషి యగుటచే ప్రతి ఆర్డరును కార్బను కాగితముతో పుస్తకములో వ్రాయించెడివాడు. నాలుగు దినములు కూర్చుండి ఆ పుస్తకములను మరల ఎక్కించుకొనిరి. లేఖలు వేళకు అందినవి. కాని వధూవరుల తలిదండ్రుల పేర్లు, ఇంటి చిరునామాలు, ఫోను నంబర్లు, ఫలానా దినమున ఇంటిల్లిపాదియు ఏ కల్యాణమండపములో నుందురో ఆ వివరము, ఇవన్నియు ఎవరి చేతిలో పడినవో ఎవరును చెప్పజాలరు. కార్బను కాగితము దానికి మందు కాదు.

కావలివాడు ఏమి చేయుచుండెను? నిద్రపోలేదు. ఇది కొంచెము సూక్ష్మమైన సంగతి గనుక నిలిచి చూతము. లినక్స్‌లో వెలుపలినుండి వచ్చిన పొట్లమునకు రెండు దారులు గలవు. హోస్టునకే ఉద్దేశింపబడినది ‘ఇన్‌పుట్’ అను దారిన పోవును. వేరొకరికి అందజేయవలసినది ‘ఫార్వర్డ్’ అను దారిన పోవును. యు.ఎఫ్.డబ్ల్యు.తో మనము సామాన్యముగా చెప్పు ‘ఈ పోర్టునకు రానిమ్ము, ఆ పోర్టునకు రానీకు’ అను నియమములు ఇన్‌పుట్ దారివి. కావలివాడు యజమాని హాలు గుమ్మమువద్ద కూర్చున్నాడన్నమాట. డాకర్ గమ్యస్థానమును దిద్దుట ఏ దారియు ఎన్నుకొనక ముందే, గేటు దాటగానే జరుగును. దిద్దిన పిమ్మట ఆ పొట్లము యజమానిది కాదు, వాటావానిది. కావున అది ప్రక్కసందున పోవును. ఆ సందులో రానిమ్మను నియమములను డాకర్ తానే వ్రాసికొనియున్నది. కావలివాని యెదుటకు ఆ అతిథి రానే రాడు. యు.ఎఫ్.డబ్ల్యు. పట్టిక చూచిన 27017 మూసియున్నట్లే కనబడును. దూరమునుండి తట్టిన తెరచుకొనును. డాకర్ వారి పత్రములలో ఈ సంగతి స్పష్టముగా వ్రాయబడి యున్నది. అయినను యువకులు దానిని చదువుట దోపిడి జరిగిన మరునాడే.

చేయవలసినది కష్టమైనది కాదు. మొదటి ప్రశ్న, అసలు ఈ తలుపు కావలెనా అనునది. ముద్రణాలయపు వెబ్ ప్రోగ్రాము ఒక కంటైనరు, డేటాబేసు మరియొక కంటైనరు. ఆ రెంటిని మనము పేరుపెట్టి నిర్మించిన ఒకే నెట్‌వర్కులో నుంచినచో అవి ఒకదాని నొకటి పేరుతోనే పిలుచుకొనగలవు. వాటాలవారు చక్కెర బదులు తెచ్చుకొనుటకు వీధి చుట్టి రానక్కరలేదు గదా. అట్టి చోట డేటాబేసునకు మైనస్ పి అవసరమే లేదు. వెబ్ ప్రోగ్రామునకు మాత్రమే చాలును. పోస్ట్‌గ్రెస్, రెడిస్, మాంగోడీబీల ముందు మైనస్ పి కనబడినపుడెల్ల, ఇది ఎవరికొరకని అడుగవలెనని మా అభిప్రాయము. పెక్కుసార్లు సమాధానము రాదు. ఎక్కడనో చూచి వ్రాసికొనినదై యుండును.

హోస్టుపై కూర్చున్నవానికే కావలెనన్నచో 127.0.0.1:5432:5432 అని మూడు భాగములుగా వ్రాయవలెను. అప్పుడు తలుపు హోస్టు లోపలి వైపునకే తెరచుకొనును. ఇంటినుండి చూడగోరు యువకుడు ఎస్.ఎస్.హెచ్. ద్వారా ఒక సొరంగమును నిర్మించుకొని ఆ తలుపునకు చేరవచ్చును. అప్పుడు లోకమునకు కనబడునది 22 ఒక్కటే. దీనికొక ఉపనియమము గలదు. డాకర్ 28.0 సంచికకు పూర్వపు సంచికలలో, 127.0.0.1కు కట్టిన తలుపును గూడ అదే నెట్‌వర్కు తునకపైనున్న పొరుగు యంత్రము తట్టుట సాధ్యమై యుండెను. 2025లో వచ్చిన 28.0తో ఆ లోపమును సరిచేసిరి. పాత సంచికతో నడుపువారు క్రొత్తది తెచ్చుకొనవలెను. పైన చెప్పిన ప్రక్కసందులోనే కావలివానిని నిలుపదలచిన నిపుణులకు డాకర్-యూజర్ అను ఒక పట్టికను ప్రత్యేకముగా విడిచియుంచిరి. అయితే పొట్లము అచ్చటికి చేరునప్పటికి దానిపై అంకె మారిపోయి యుండును. అచ్చట వ్రాయు నియమములో 8080 అనిన పనిచేయదు, 80 అనవలెను. సంకేతపదమును పెట్టుట మాట వేరుగ చెప్పనక్కరలేదు.

ఇప్పటికే నడుచుచున్న కంటైనర్లు గలవారు డాకర్ పీఎస్ అను ఆజ్ఞ నిచ్చి, పోర్టుల గడిని చూడవలెను. 127.0.0.1తో మొదలైన పంక్తి ఇంటిది, 0.0.0.0తో మొదలైన పంక్తి వీధిది. దాని ప్రక్కన రెండు చదరపు కుండలీకరణముల నడుమ రెండు జంట చుక్కలు గల మరియొక పంక్తి యుండవచ్చును. అది ఆరవ సంచిక చిరునామాల వైపు తెరచిన తలుపు. అనేకులు మొదటిదానిని మూసి దీనిని మరతురు. పిమ్మట వెలుపలినుండియే తట్టి చూడవలెను. ఇంటి యంత్రమైనచో ఫోనులో వైఫైని ఆర్పి, మొబైలు నెట్‌వర్కుపై ఉండి, రౌటరునకు గల ప్రపంచపు చిరునామాను తట్టవలెను. ఇంటిలో కూర్చుండి ఇంటి తలుపు తట్టిన తెలియునది స్వల్పము.

ఒకసారి నిలిపిన కంటైనరునకు తలుపును మార్చుటకు డాకర్‌లో ఆజ్ఞ లేదు. దానిని తొలగించి, సరియైన పంక్తితో మరల నిర్మింపవలెను. తొలగించుటకు ముందు డేటాబేసు సమాచారము కంటైనరు లోపలనే యున్నదో, వాల్యూము అను ప్రత్యేకపు కొట్టులో పేరుతో భద్రముగా నున్నదో చూచుకొనవలెను. లోపలనే యున్నచో కంటైనరుతో బాటు అదియు పోవును. ముందు కాపీ తీయుడు. ఆ కాపీని వేరొక యంత్రముపై ఎక్కించి, తెరచి, నాలుగు పంక్తులు చదివి చూచుకొనుడు. ఆ తరువాతనే తొలగించుడు.